ఫ్యాక్టరీకి పెళ్ళిచూపులు

ఆ బుధవారానికి వెనింగ్ వేసుకున్న ప్లాను వేలెడంత. పొద్దున్నే లేవాలి, స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చేసి పెట్టుకున్న ఆఫీసు చొక్కా తొడుక్కోవాలి, పది గంటలకల్లా ఊళ్ళో రెండు వందల మంది కుర్రకారుని రెండు వందల కుర్చీల్లో కూర్చోబెట్టాలి, రాజధాని పక్కనుంచి కారులో వస్తున్న స్కూలు బ్యాగుల కంపెనీ డైరెక్టరు బు కురాతాకి వాళ్ళని చూపించాలి, ఆవిడ చేత "మీ ఊరికే వస్తున్నాం" అనిపించాలి. అంతే! ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది?

చోటు వంటింట్లో ఉంది. అలారం మోగకముందే టకటకటకమని కత్తుల చప్పుడు ఆమెని లేపేసింది. ఒక కత్తి కాదు, రెండు కాదు, ఓ కత్తుల దండు. దానికి తోడు కొబ్బరి కోరుతున్న గరగర, ఇత్తడి గుండిగలు దొర్లుతున్న చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు. వెనింగ్ దుప్పటిలోంచి తల బయటికి పెట్టి ఆలోచించింది. టీ నీళ్ళు కాచడానికి ఇంత చప్పుడవుతుందా?

అసలు సంగతేంటంటే, వెనింగ్‌ది వొనొలెగి జిల్లా పెట్టుబడుల ఆఫీసులో చిన్న ఉద్యోగం. మూడేళ్ళుగా ఆమె పని ఒకటే. పెద్ద ఊళ్ళలో ఉన్న కంపెనీలకి ఫోన్లు చేసి "మా జిల్లాలో పనిచేసే చేతులు ఏటేటా పెరుగుతున్నాయండీ, మీరే ఇటు వచ్చెయ్యండి" అని చెప్పడం. అబద్ధమేం కాదు. కుట్టుపని నేర్పే కాలేజీ నుంచి ఏటా ఒక గుంపు బయటికొస్తోంది. కాకపోతే ఆ గుంపు కాలేజీ గేటు దాటి నేరుగా రాజధాని బస్సెక్కేస్తోంది. అక్కడి ఫ్యాక్టరీలేమో అద్దెలు కట్టలేక, నిలకడగా ఉండే మనుషులు దొరక్క, కొత్త చోటు వెతుక్కుంటున్నాయి. అంటే ఫ్యాక్టరీలు మనుషుల కోసం ఇటు చూస్తున్నాయి, మనుషులు ఫ్యాక్టరీల కోసం అటు పోతున్నారు, మధ్యలో బస్సు కంపెనీ ఒక్కటే బాగుపడుతోంది!

ఆ బస్సుకి వచ్చే ఆదివారం టిక్కెట్టు వెనింగ్ సొంత చెల్లెలు లారస్ దగ్గరే ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కుట్టు కాలేజీలో అందరికన్నా ముందు. దాని సంచీ అప్పుడే సర్దేసి తలుపు పక్కన నిలబెట్టి ఉంది. ఇంట్లోకి వచ్చినా వెళ్ళినా వెనింగ్ కాలికి ఆ సంచీ తగులుతూనే ఉంటుంది.

"అక్కా, నీ బ్యాగులమ్మ సరేనంటే టిక్కెట్టు చింపేస్తా. కాదంటే ఎక్కేస్తా. నీకు ఆదివారం దాకా టైమిచ్చా" అంది లారస్, అదేదో పెద్ద దయ చూపిస్తున్నట్టు.

ఆఫీసులో పెద్దసారు పాక్ బసుకికి ఆశ లేదు. (పెద్దమనిషయితే పేరు ముందు పాక్, పెద్దావిడయితే బు అనడం అక్కడి మర్యాద.) "పక్క జిల్లా తిర్తొమాస్ వాళ్ళు ఆవిడకి హోటల్లో భోజనం పెట్టి తెరమీద బొమ్మలేసి చూపించారట వెనింగ్. మనకి తెరే లేదు."

"తెర ఎందుకు సార్? ఆవిడ ఫోన్లో ఏమందో తెలుసా? అంకెలు అందరి దగ్గరా ఉన్నాయి, నాకు మనుషుల్ని చూపించండి అంది. చూపిస్తా!" అంది వెనింగ్.

అలా అని సోమవారం షామియానాల పాక్ గిమన్ దగ్గరికి వెళ్ళింది. "బుధవారానికి ఒక షామియానా, రెండు వందల కుర్చీలు, మైకు. ఊరి ఆఫీసు ముందు మైదానంలో వెయ్యండి. రాజధాని నుంచి ముఖ్యమైన వాళ్ళొస్తున్నారు" అంది. పాక్ గిమన్ "అలాగే తల్లీ, అలాగే" అన్నాడు. ఎందుకని అడగలేదు.

అడగడు మరి! వెనింగ్ వాళ్ళ ఊరు కాలిజెరుక్‌లో పందిరి లేస్తే ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే నీకు చెప్పలేదన్నమాట, చెప్పలేదంటే నువ్వు కావలసినవాడివి కాదన్నమాట, ఆ సంగతి నీ నోటితో నువ్వే బయటపెట్టుకున్నావన్నమాట. ఎంత అవమానం! అందుకని పందిరి కనబడగానే కత్తో, కొబ్బరి కోరామో, ఓ గిన్నెడు బియ్యమో పట్టుకుని వెళ్ళిపోతారు. ఉల్లిపాయలు తరుగుతుంటే సంగతి దానంతటదే తెలుస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. మైదానం చీలమండ లోతు బురదైపోయింది. పాపం ఆఫీసు పనిలో ఉన్న పిల్లని ఫోన్ చేసి ఏం విసిగిస్తాంలే అనుకుని, పాక్ గిమన్ పందిరి తీసుకెళ్ళి పొడిగా ఉన్న వీధిలో, సరిగ్గా వెనింగ్ ఇంటి ముందు వేసేశాడు. అతని దగ్గరున్నదల్లా ఒకటే పందిరి. గులాబీ రంగు, బంగారు కుచ్చులు. దానికి ముందు, వంచిన వెదురుకి పసుప్పచ్చని లేత కొబ్బరాకులల్లిన తోరణం కూడా నిలబెట్టాడు. పెళ్ళి ఉన్న ఇంటికి తప్ప ఆ తోరణం కట్టరు. కానీ పాక్ గిమన్ ఇరవై ఏళ్ళుగా పందిరితో పాటు తోరణం ఊరికే ఇస్తున్నాడు. చెయ్యి అలవాటు పడిపోయింది.

సాయంత్రం బజారులో సోయా గింజల టెంపే అచ్చులు అమ్ముకుని వచ్చిన వెనింగ్ తల్లి బు సుకెసి, తన ఇంటి ముందు గులాబీ పందిరి చూసి బుట్ట దింపేసింది.

"ఏంటిది పాక్ గిమన్?"

"మీ పెద్దమ్మాయి చెప్పిందిగా బు. బుధవారం రాజధాని నుంచి ముఖ్యమైన వాళ్ళొస్తున్నారట."

పెళ్ళీడు దాటిపోతోందని ఊరంతా గుసగుసలాడే ముప్ఫై ఏళ్ళ కూతురు. ఇంటి ముందు పెళ్ళి తోరణం. రాజధాని నుంచి ముఖ్యమైన వాళ్ళు! కన్నతల్లికి ఒక్క ముక్క చెప్పలేదు! కానీ ఆ మాట పందిళ్ళవాడి ముందు ఎలా ఒప్పుకుంటుంది? బు సుకెసి జుట్టు సవరించుకుని, "ఆ, ఆ, తెలుసులే. నాకు తెలీకుండా ఎలా?" అని లోపలికెళ్ళి జిగురు బియ్యం నానబోసింది.

కుట్టుమిషన్ల కోసం టౌనంతా తిరిగి చీకటి పడ్డాక వచ్చిన వెనింగ్ చీకట్లో తోరణం చూడలేదు. పందిరి మాత్రం చూసి మురిసిపోయింది. బురద లేదు, టీ నీళ్ళు దగ్గర! వంటింట్లో తల్లి బియ్యం కడుగుతోంది.

"ఇంత బియ్యం ఎందుకమ్మా?"

"నీ కోసం వస్తున్నారుగా" అంది తల్లి, అదోలా చూస్తూ. కళ్ళు తడిగా ఉన్నాయి. మూడేళ్ళకి అమ్మకి నా ఉద్యోగం విలువ తెలిసిందనుకుని, వెనింగ్ కూడా కళ్ళు తడి చేసుకుంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని చెరో గదిలో పడుకున్నారు.

ఇదీ వెనక కథ. ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డ వెనింగ్‌కి, పెరట్లోకీ ఆ పైన పక్కింటి పెరట్లోకీ పాకిపోయిన ఆడవాళ్ళ సైన్యం కనబడింది. ఆమె ముఖం చూడగానే కత్తులన్నీ ఒక్క క్షణం ఆగాయి.

"అయ్యో అయ్యో, నువ్వెందుకొచ్చావే పొగలోకి! ముఖం నల్లబడుతుంది, పో, పోయి కూర్చో!" అని గద్దించింది బు లూరా. ఊరి పెద్ద భార్య కాబట్టి అందరికీ ఆమె బు లూరానే. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో!

"ముఖం నల్లబడితే ఏమైంది పిన్నీ? కంపెనీ వాళ్ళేగా వస్తున్నది!"

"కంపెనీలో పనిచేస్తున్నాడటే అబ్బాయి!" అని బు లూరా వెనక్కి తిరిగి ప్రకటించింది. ఆ మాట ఉల్లిపాయల దగ్గర్నుంచి పనసకాయల దగ్గరికి, అక్కణ్ణుంచి పొయ్యిల దగ్గరికి వెళ్ళేసరికి అబ్బాయి కంపెనీలో మేనేజరైపోయాడు.

వెనింగ్ వీధిలోకి పరిగెత్తింది. అప్పుడు కనబడింది తోరణం. తెల్లారే వెలుగులో పచ్చగా మెరిసిపోతూ, వయ్యారంగా ఊగుతూ. పెళ్ళి తోరణం! కానీ వెనింగ్ అంత తేలిగ్గా కూలబడే మనిషి కాదు. పది గంటలకి ఇంకా టైముంది. ఒక్కొక్కటీ సరిచేస్తే సరిపోతుంది!

"పాక్ గిమన్, ఆ తోరణం ముందు ఇక్కణ్ణుంచి తీసెయ్యండి!"

"ఇక్కడ కనబడటం లేదంటావా తల్లీ? నిజమే" అన్నాడు పాక్ గిమన్, తీసుకెళ్ళి పెద్దరోడ్డు మలుపులో పాతాడు. అరగంటలో పక్క ఊరు కూడా కత్తులు పట్టుకుని దిగిపోయింది.

సరే, అమ్మకి చెప్దాం. అమ్మ నమ్ముతుంది. బు సుకెసి ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తోంది.

"అమ్మా, పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. ఫ్యాక్టరీ వాళ్ళొస్తున్నారు, అంతే."

"నాకు చెప్పకపోతే పోయావు, ఇంతమందిలో అబద్ధాలెందుకే? నేనేమైనా అన్నానా? నేనేడవట్లేదు, ఉల్లిపాయలు!"

"అమ్మా, నీ మీదొట్టు!"

"సిగ్గుపడితే ముద్దుగానే ఉన్నావులే" అంది పక్కనున్న ముసలావిడ. అందరూ నవ్వారు.

ఇక మిగిలింది మైకు. వెనింగ్ కుర్చీ ఎక్కి నిలబడి, గొంతు సవరించుకుని, ఊరు ఊరంతా వినబడేలా చెప్పేసింది. "పెద్దలందరికీ నమస్కారం. ఇది నా పెళ్ళి కాదు. దయచేసి వినండి. రాజధాని నుంచి ఒకావిడ వస్తున్నారు. మనల్ని చూస్తారు. మనం నచ్చితే ఇక్కడే స్థిరపడతారు. నచ్చకపోతే తిర్తొమాస్ వాళ్ళని చేసుకుంటారు. కాబట్టి..."

పందిరి కింద ఒక్కసారిగా కలకలం పుట్టింది. "ఓహో! పెళ్ళి కాదర్రా, పెళ్ళిచూపులు!" "వస్తున్నది అత్తగారట!" "ఇల్లరికమట, ఇక్కడే ఉండిపోతారట!" "తిర్తొమాస్‌లో ఇంకో పిల్లని కూడా చూశారట!" అంతే, ఊరికి రోషమొచ్చేసింది. తిర్తొమాస్ పిల్ల ముందు మన పిల్ల తీసిపోవడమా? బు లూరా నడుముకి చుట్టుకున్న సరోంగ్ బిగించి అరిచింది. "పిల్లకి కొత్త రవికె ఏదర్రా? కుట్టుపిల్లల్ని పిలవండి!"

అలా, బు కురాతా ముందు బ్యాగులు కుట్టి చూపించడానికి వెనింగ్ బతిమాలి తెచ్చిన మిషన్లు అరుగు మీదికెక్కాయి. లారసూ, దాని స్నేహితురాళ్ళు మరో అయిదుగురూ వాటి ముందు కూర్చున్నారు. ఒకత్తె కత్తిరిస్తోంది, ఒకత్తె చేతులు కుడుతోంది, ఒకత్తె మెడ, ఒకత్తె అంచు.

"లారస్! నీకన్నా తెలుసు కదే నిజం! వీళ్ళకి చెప్పవే!"

"చెప్పానక్కా. చెప్తే ముందు నీ అక్క కొలత ఎంతో చెప్పమన్నారు" అంది లారస్, దారం కొరుకుతూ. కాలు మాత్రం ఆగలేదు. "నువ్వు లావయ్యావు."

సరే, ఆ రెండు వందల మంది కుర్రకారు? వచ్చారు, మాట తప్పలేదు. కానీ ఒక్కడూ కుర్చీలో లేడు. పందిరి ఉన్నచోట కుర్రవాళ్ళు కూర్చుంటే పరువుపోతుంది. కొందరు రోడ్డు మీద బళ్ళు నిలబెట్టిస్తున్నారు, కొందరు వరసగా నిలబడి టీ గ్లాసుల పళ్ళాలు చేతి నుంచి చేతికి అందిస్తున్నారు. కుర్చీల్లో ఎనభై దాటిన తాతలు నిండుగా కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. కంపెనీకి చూపించడానికి మంచి పనివాళ్ళే!

అప్పుడొచ్చాడు పెద్దసారు పాక్ బసుకి, పువ్వుల అద్దకం బాతిక్ చొక్కాలో, చేతిలో మెరుపు కాగితం చుట్టిన పెద్ద డబ్బాతో. అందులో ఫ్యానో, రైస్ కుక్కరో. ముఖం గంటు పెట్టుకునున్నాడు.

"సార్, మీరైనా..."

"మలుపులో తోరణం చూసి, వెనక్కెళ్ళి ఇది కొనుక్కొచ్చా. కంగ్రాట్స్. కానీ వెనింగ్, ఆఫీసు ఖర్చు మీద వేయించిన పందిట్లో, అదీ కంపెనీ వాళ్ళొచ్చే రోజు పెట్టుకోవాలా నీ పెళ్ళి?"

"సార్! కంపెనీ వాళ్ళ కోసమే ఈ పందిరి!"

"అదే కదా నేనంటున్నది" అన్నాడాయన, ఒక టీ గ్లాసు అందుకుంటూ.

సరిగ్గా అప్పుడు కారొచ్చింది. కారు ఆగడం చూడగానే మైకుల కుర్రాడు చెయ్యి అలవాటుగా మీట నొక్కాడు. పెళ్ళివారు వచ్చేటప్పుడు వాయించే గమెలన్ మేళం గుండెలదిరేలా మోగింది. కారులోంచి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, బూడిదరంగు కోటు వేసుకుని బు కురాతా దిగింది. ముందు సీట్లోంచి ఆవిడ డ్రైవరు తోగర్ దిగాడు. ముప్ఫై దాటిన నిండైన మనిషి, మీసం, కొత్త బాతిక్ చొక్కా.

"అబ్బో!" అంది వంటిల్లంతా ఒకే గొంతుతో.

వెనింగ్ అడ్డం పడేలోపే తోగర్ మెళ్ళో మల్లెదండ పడింది. ఇద్దరు పెద్దమనుషులు చెరో చెయ్యీ పట్టుకుని అతన్ని బంగారు కుచ్చుల సోఫాలో కూర్చోబెట్టారు. ఎప్పుడో కోడి కూయకముందు బండెక్కిన మనిషి. ముందు పళ్ళెం పెట్టగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఆకలి బాగుంది. ఆరోగ్యవంతుడు" అంది బు లూరా, మళ్ళీ పళ్ళెం నింపుతూ. "చుట్ట, బీడీ అలవాట్లున్నాయా నాయనా?"

"బండి తోలేటప్పుడు ముట్టనండీ."

"బాధ్యత తెలిసినవాడు!"

వెనింగ్ బు కురాతా పక్కన చేరి, "రండి, ముందు కుర్చీల్లో కూర్చుందాం, నేను అంతా వివరంగా చెప్తాను..." అంటూ ఉండగానే ఆవిడ అక్కడ లేదు. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఫ్యాక్టరీ నడుపుతున్న మనిషి, భాష బాగా వచ్చు, కాళ్ళు ఎటు లాగితే అటు పోతుంది. నేరుగా పెరట్లోకి నడిచింది. వెనింగ్ వెనకాలే పరిగెత్తింది, చెమటలు తుడుచుకుంటూ.

పెరట్లో బల్ల వేసి, అతిథులు ఇంటికి పట్టుకెళ్ళే భోజనం డబ్బాలు కడుతున్నారు. ఒకావిడ అన్నం పెడుతుంది, తర్వాతావిడ పనసకాయ కూర, ఆ తర్వాత గుడ్డు, అప్పడం, జిగురు బియ్యం మిఠాయి వాజిక్ ముక్క, చివరావిడ మూత, పక్కావిడ దారం. ఒక్క డబ్బా ఎక్కడా ఆగడం లేదు. గుడ్లు అయిపోవస్తుంటే ఎవరూ కేక కూడా వెయ్యలేదు, ఒకమ్మాయి పొయ్యి దగ్గర్నుంచి గుడ్ల గిన్నెతో అప్పటికే వచ్చేస్తోంది. బు కురాతా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

"వీళ్ళకి పెద్ద ఎవరు?" అని అడిగింది.

"ఎవరూ లేరండీ."

"రమ్మని పిలిచింది?"

"ఎవరూ లేరండీ" అంది వెనింగ్, ఏడుపు గొంతుతో.

ఆవిడ అరుగు దగ్గరికెళ్ళి, లారస్ చేతిలోంచి దాదాపు పూర్తయిన రవికె తీసుకుంది. కుట్టు తిరగేసి చూసింది, వేలితో లాగి చూసింది. "ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఇందాకే. తోరణం రోడ్డు మీదికి మార్చాక" అంది లారస్.

బు కురాతా ఇంకేదో అడగబోతుంటే, పందిట్లోంచి పెద్ద గోల. తర్వాత గోల ఆగిపోయింది. ఆ పైన కత్తులన్నీ ఆగిపోయాయి. తెల్లారినప్పట్నుంచి ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

జరిగిందేమిటంటే, మూడో పళ్ళెం అయ్యాక బు లూరా తోగర్ పక్కన కూర్చుని ముద్దుగా అడిగింది. "మరి ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం బాబూ?"

"ఎవరికండీ?"

"నీకే!"

"నాకు పెళ్ళయిపోయిందండీ. ఇద్దరు పిల్లలు. పెద్దది మూడో క్లాసు" అన్నాడు తోగర్, ఫోన్లో ఫొటో తీసి చూపిస్తూ.

బు లూరా చేతిలో గరిటె లేచింది. "పెళ్ళయినవాడివి పెళ్ళిచూపులకొస్తావురా? మూడు పళ్ళేలు తిన్నావురా!" తోగర్ మల్లెదండతో సహా సోఫా వెనక దూరాడు. వెనింగ్, బు కురాతా పరిగెత్తుకొచ్చారు.

"నా డ్రైవరు ఏం చేశాడు?" అంది బు కురాతా.

"డ్రైవరా!" అంది ఊరంతా. "మరి మీ అబ్బాయేడి?"

"ఏ అబ్బాయి?"

అందరూ వెనింగ్ వైపు తిరిగారు. తాతలు కూడా చుట్టలు నోట్లోంచి తీశారు. తలుపు పక్కన లారస్ సంచీ కనబడుతోంది. ఇప్పుడేదో ఒక మాట అల్లేస్తే గండం గడుస్తుందేమో. ఇదంతా మీ కోసమే ఏర్పాటు చేశామండీ, వీళ్ళంతా మీ ఉద్యోగాల కోసమే వచ్చారండీ, అనేస్తే? బు కురాతా నమ్మేది కూడా. ఆ మాట వెనింగ్ నాలిక చివరిదాకా వచ్చింది. కానీ వెనింగ్ ఆ రోజు పొద్దున్నుంచీ ఒకే నిజాన్ని పట్టుకుని వేలాడుతోంది, ఎవరూ నమ్మకపోయినా. ఇప్పుడు వదిలెయ్యబుద్ధి కాలేదు.

"బు కురాతా, మీకు పనివాళ్ళని చూపిస్తానని పిలిచాను" అంది. "కానీ వీళ్ళలో ఒక్కరు కూడా మీ కోసం రాలేదు. నేను ఫ్యాక్టరీ కోసం పందిరి వేయించాను. అది మా ఇంటి ముందు పడింది. నాకు పెళ్ళనుకుని వీళ్ళే వచ్చారు. ఇది నేను పెట్టిన ప్రదర్శన కాదు. మిమ్మల్ని మోసం చెయ్యను. కావాలంటే తిర్తొమాస్ వెళ్ళిపోండి. కానీ ఇదే మా ఊరు."

"అయితే పెళ్ళి లేదా?" అంది తల్లి, గుంపులోంచి ముందుకొచ్చి.

"లేదమ్మా. పొద్దున్నుంచీ అదే చెప్తున్నా."

బు సుకెసి కూతుర్ని చూసింది, పందిరిని చూసింది, పెరట్లో ఆవిరి కక్కుతున్న గుండిగల్ని చూసింది. ఒక పెద్ద నిట్టూర్పు. "సరే. వాజిక్ చల్లారితే రాయవుతుంది. ముందు కొయ్యండి."

అంతే. టకటకటక. కత్తులు మళ్ళీ మొదలయ్యాయి. అన్నం, పనసకాయ, గుడ్డు, అప్పడం, మూత, దారం. టీ పళ్ళాలు చేతి నుంచి చేతికి కదిలాయి. లారస్ మిషను కూడా కదిలింది. బు లూరా గరిటె దించి, సోఫా వెనకనుంచి తోగర్‌ని లాగి, "ఇద్దరు పిల్లలా? వాళ్ళకీ రెండు డబ్బాలు కట్టండర్రా" అంది. ఇంకో మూల "నాకు ముందే తెలుసులే, మీసం చూడగానే అనుకున్నా" అని ఎవరో అంటున్నారు.

బు కురాతా మళ్ళీ పెరట్లోకొచ్చి, డబ్బాలకి దారం కడుతున్న ముసలావిడ ముందు వంగింది. "పెళ్ళి లేదని తెలిసిందిగా. మరి ఇంకా పని చేస్తున్నారెందుకు?"

ముసలావిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఏంటమ్మా? మొదలెట్టిన పని మధ్యలో ఎలా వదిలేస్తాం? సగం డబ్బాలకి దారం లేకపోతే ఎవరైనా ఏమనుకుంటారు?"

బు కురాతా ఒక డబ్బా అందుకుని దారం ముడి లాగి చూసింది. తర్వాత వెనింగ్ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "తిర్తొమాస్‌లో మూడు వందల మందిని తెల్లచొక్కాలేసి కూర్చోబెట్టారు. నేను మంచినీళ్ళు కావాలన్నాను. ఎవరు తేవాలో వాళ్ళకి ముందు చెప్పలేదు కాబట్టి ఒక్కరూ లేవలేదు. నేను దాహంతో తిరిగొచ్చాను." ఆగి, లారస్ వైపు చూపించింది. "ఆ కుట్టిన ఆరుగురు అమ్మాయిలూ ఎక్కడికీ పోకుండా చూడు. నేను నేర్పాల్సింది పెద్దగా లేదు. బ్యాగు ఎలా ఉంటుందో చూపిస్తే చాలు."

లారస్ మిషను ముందునుంచి లేచింది. లోపలికెళ్ళి ఆదివారం టిక్కెట్టు తెచ్చింది. అరుగు ఎత్తుపల్లాల వల్ల తన మిషను పొద్దున్నుంచీ ఊగిపోతోంది. టిక్కెట్టు నాలుగు మడతలు పెట్టి దాని కాలి కింద దోపింది. మిషను కుదురుగా నిలబడింది. వెనింగ్ అక్కడే అరుగు మీద కూలబడి, పొద్దున్నుంచీ తాగని టీ తాగింది.

ఎవరూ బయటికి తీసుకెళ్ళమని చెప్పకపోయినా డబ్బాలతో కారు వెనక సీటు నిండిపోయింది. ఎక్కబోతూ బు కురాతా ఒక కాలు బయటే ఉంచి ఆగింది.

"వెనింగ్, ఒక్కటి అడగాలి. ఇలాంటి పందిళ్ళు మీ ఊళ్ళో ఎన్నాళ్ళకోసారి పడతాయి?"

పక్కనే ఉన్న పాక్ బసుకి కళ్ళతో సైగ చేశాడు, చెప్పొద్దని. కానీ వెనింగ్‌కి ఆ రోజు నిజం చెప్పడం అలవాటైపోయింది. "పెళ్ళిళ్ళ నెలలో అయితే దాదాపు రోజూ అండీ."

"అప్పుడు ఫ్యాక్టరీకి ఎవరొస్తారు?"

వెనింగ్ నోరు తెరిచేలోపే బు లూరా కిటికీలోంచి తల లోపలికి దూర్చి భరోసా ఇచ్చింది. "మీ ఫ్యాక్టరీ ముందు కూడా ఓ పందిరి వేసెయ్యండమ్మా. అందరూ అక్కడికే వస్తారు!"

బు కురాతా నవ్వలేదు. ఆలోచిస్తున్నట్టు తలూపింది. కారు మలుపు దాకా వెళ్ళి, తోరణం కింద ఒక్క క్షణం నెమ్మదించి, వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీ నిజంగానే వచ్చింది. ఊరి చివర, సమాధుల తోటకి పోయే దారిలో స్థలమిచ్చారు. శంకుస్థాపన రోజుకి వెనింగ్ చాలా జాగ్రత్తపడింది. ఆఫీసు వాళ్ళూ, కంపెనీ వాళ్ళూ కలిపి పదిమందే, చిన్న కార్యక్రమం, ఊరిని ఇబ్బంది పెట్టొద్దని ఎవరికీ చెప్పలేదు. పాక్ గిమన్‌కి మాత్రం ఎదురుగా నిలబడి మూడుసార్లు చెప్పింది. గులాబీ రంగు వద్దు, కుచ్చులు వద్దు, తోరణం అసలే వద్దు, మేళం వద్దు. సాదాగా ఒక నీలం టార్పాలిన్, కొన్ని కుర్చీలు, అంతే. పాక్ గిమన్ "అలాగే తల్లీ" అన్నాడు, ఈసారి అదోలా, జాలిగా, ఆమె భుజం తట్టి మరీ. ఎందుకని అడగలేదు.

తెల్లారేసరికి ఊరు ఊరంతా ముదురు రంగు బట్టల్లో, బియ్యం గిన్నెలతో, ముక్కులు చీదుకుంటూ ఆ నీలం పందిరి కింద నిండిపోయింది. అందరికన్నా ముందు వరసలో బు సుకెసి, బు లూరాని పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఎవరు పోయారని మాత్రం ఒక్కరూ అడగలేదు.